ఎపిక్యురస్ వీలునామా

ఎపిక్యురస్ క్రీ.పూ. 270లో, తన డెబ్బై రెండో ఏట, మూత్రానికి రాయి అడ్డుపడి చనిపోయాడు. పద్నాలుగు రోజులు బాధపడ్డాడు. చివరిరోజున కంచుతొట్టెలో వేడినీళ్ళు పోయించుకుని, అందులో కూర్చుని, నీళ్ళు కలపని ద్రాక్షసారా అడిగి తాగి, తను చెప్పిన మాటలు మరిచిపోవద్దని స్నేహితులకి చెప్పి ప్రాణం విడిచాడట. ఆ రోజుల్లోనే ఇడోమెనియస్ అనే మిత్రుడికి రాసిన ఉత్తరంలో, నొప్పి ఇంతకంటే పెరగడానికి ఇక చోటు లేదనీ, అయినా మనం పూర్వం మాట్లాడుకున్న మాటల జ్ఞాపకం దానికి ఎదురు నిలబడుతోందనీ రాశాడు. ఇదంతా ఆయన పోయిన కొన్ని వందల ఏళ్ళ తర్వాత డయోజెనీస్ లయర్టియస్ అనే ఆయన పోగేసిన తత్వవేత్తల జీవితచరిత్రల్లో ఉంది. పది భాగాల ఆ పుస్తకంలో చివరి భాగం మొత్తం ఎపిక్యురస్‌దే. పుస్తకం సగం పుకార్లు, సగం నిధి. ఏది ఏదో తేల్చుకోవడం మన పని.

మనవైపు ఎపిక్యురస్ అంటే 'తిని తాగి సుఖపడమన్నవాడు' అనే పేరుంది. చార్వాకులకి మనం తగిలించిన పేరూ ఇదే, కాబట్టి ఆశ్చర్యం లేదు. ఆయన తిండి మాత్రం రొట్టె, నీళ్ళు. ఎప్పుడైనా పండగ చేసుకోవాలనిపిస్తే ఓ చిన్న కుండెడు జున్ను పంపమని స్నేహితుడికి రాశాడు. ఇలాంటి మనిషి సుఖవాదానికి కులదైవమెలా అయ్యాడో అర్థం కావాలంటే ఆయన 'సుఖం' అన్నప్పుడు ఏమంటున్నాడో చూడాలి. నొప్పి లేకపోవడం, కలత లేకపోవడం. అంతే.

ఈ పుస్తకాన్ని నేను ఎక్కువగా చదివింది తెనాలిలో ఒక డయాలసిస్ వార్డులో. మా పెదనాన్నకి రెండేళ్ళుగా వారానికి మూడు విడతలు. మంగళ, గురు, శనివారాలు, పొద్దున మొదటి షిఫ్టు. ఒక్కో విడత నాలుగు గంటలు. ఆయనది రేపల్లె పక్కన ఊరు. తెల్లవారుజామున బండెక్కి తెనాలిలో దిగుతాడు, నేను స్టేషన్ నుంచి స్కూటీ మీద తీసుకెళ్తాను. నాది ఇంటి నుంచి పని, నెలకోసారి హైదరాబాద్ వెళ్ళొస్తే సరిపోతుంది. మా నాన్న నా పదో తరగతిలో పోయాక, బాపట్లలో నా ఇంజనీరింగ్ నాలుగేళ్ళ ఫీజులూ కట్టింది ఈ పెదనాన్నే, మూడెకరాల మాగాణి మీద. కాబట్టి ఈ నాలుగు గంటలు నావే అని నేనే అన్నాను. ఎవరూ అడగలేదు.

డయాలసిస్ వార్డులో కూర్చుని ఎపిక్యురస్‌ని చదివితే కొన్ని సంగతులు వేరేగా కనిపిస్తాయి. కోరికలు మూడు రకాలని ఆయన లెక్క. సహజమైనవి, అవసరమైనవి: ఆకలికి తిండి, దాహానికి నీళ్ళు. సహజమే కానీ అవసరం కానివి: రుచులు, విందులు. రెండూ కానివి: పేరు, పదవి, కంచు విగ్రహం. మొదటి రకాన్ని తీర్చుకోవడం తేలికనీ, ప్రకృతి వాటిని చవగ్గా ఇచ్చిందనీ, కాబట్టి వాటితో తృప్తిపడేవాడికి భయం లేదనీ అంటాడు. దప్పికతో ఉన్నవాడికి నీళ్ళకి మించిన సుఖం లేదంటాడు. ఇది పెదనాన్నకి చదివి చెప్పినప్పుడు ఆయన నా వంక చాలాసేపు చూశాడు. ఆయనకి రోజుకి ముప్పావు లీటరు కొలత. అందులోనే కాఫీ, మజ్జిగ, మాత్రలు మింగే నీళ్ళు. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్ళు వద్దు, పొటాషియం. కృష్ణ ఒడ్డున అరటితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషికి ఇది. వేసవిలో నోరు పిడచగట్టుకుపోతే చిన్న ఐసుముక్క చప్పరిస్తాడు.

"మరి ఆ నీళ్ళు కూడా లెక్కగట్టి ఇచ్చేవాడికి ఏం చెప్పాడ్రా మీవాడు?" అన్నాడు.

ఎపిక్యురస్ దగ్గర దీనికి తిన్నగా జవాబు లేదు. మొదటి రకం కోరికలు ఎప్పటికీ చవగ్గా దొరుకుతాయన్న ధీమా మీద కట్టిన ఇల్లు ఆయనది. శరీరమే అడ్డం తిరిగినప్పుడు మిగిలేవి ఆయన చివరి ఉత్తరంలో ఉన్నవే, పాత మాటలు.

ఇక్కడ అనువాదం సంగతి కొంత చెప్పాలి. నాకు గ్రీకు రాదు. ఇంగ్లీషులో చదివి అక్కడికక్కడ తెలుగులో చెబుతుంటాను. అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన మాట 'యుడైమోనియా'. ఇంగ్లీషువాళ్ళు దాన్ని హ్యాపీనెస్ అని కొన్నాళ్ళు, ఫ్లరిషింగ్ అని కొన్నాళ్ళు అన్నారు. ఆనందం అందామంటే మన దగ్గర ఆనందం అటు బ్రహ్మం దాకా పోతుంది, ఇటు సినిమా టైటిల్ దాకా వస్తుంది. సుఖం అంటే ఎపిక్యురస్ ఒక్కడే ఒప్పుకుంటాడు. శ్రేయస్సు అంటే పెళ్ళి శుభలేఖ గుర్తొస్తుంది. చివరికి 'బాగా బతకడం' అన్నాను. పెదనాన్న వెంటనే పట్టుకున్నాడు.

మా డెల్టా ఊళ్ళలో 'వాళ్ళు బాగా బతికినోళ్ళు' అంటే ఒకప్పుడు ఆస్తి ఉన్నవాళ్ళని అర్థం. 'మంచిగా బతికాడు' అంటే నడవడి. రెండూ వేరు. గ్రీకు మాట ఈ రెంటినీ ఒకే సంచిలో వేసి కట్టింది. అరిస్టాటిల్ నికొమాకియన్ ఎథిక్స్ మొదటి భాగమంతా ఆ సంచిని విప్పే పనే. మంచి నడవడే బాగా బతకడం అంటాడు. కాస్త ఆగి, అయితే కాస్తో కూస్తో సిరి, పిల్లలు, స్నేహితులు, ఆరోగ్యం కూడా కావాలి అంటాడు. ట్రాయ్ రాజు ప్రియామ్ సంగతి తెస్తాడు. జీవితమంతా రాజుగా, మంచివాడుగా బతికి ముసలితనంలో కొడుకుల్నీ రాజ్యాన్నీ పోగొట్టుకున్నవాణ్ణి బాగా బతికాడని ఎవరంటారని అడుగుతాడు. హెరొడోటస్ చెప్పిన సోలన్, క్రీసస్‌ల కథ కూడా ఇదే. తన ఖజానా అంతా చూపించి నాకంటే అదృష్టవంతుడెవరని క్రీసస్ అడిగితే, చచ్చిపోయేదాకా ఎవర్నీ అలా అనలేం అంటాడు సోలన్. పెదనాన్నకి ఈ కథ అర్థం చేయించాల్సిన అవసరమే రాలేదు. "చెడి బతకొచ్చు గానీ బతికి చెడకూడదు, అంతేగా?" అన్నాడు. అంతే. రెండున్నరవేల ఏళ్ళ కథ ఆరు మాటల్లో అయిపోయింది.

తెలుగులో గ్రీకు ఆలోచన వెతుక్కునేవాడికి తెనాలి తప్పుచోటేమీ కాదు. త్రిపురనేని రామస్వామి సూతాశ్రమం ఇక్కడే. ఆవుల గోపాలకృష్ణమూర్తి ఇక్కడే వకాలతు చేస్తూ ఎం.ఎన్. రాయ్ మానవవాదాన్ని ప్రచారం చేశాడు. 'కీలుబొమ్మలు' నవల రాసిన జి.వి. కృష్ణరావుది తెనాలి దగ్గరి కూచిపూడి (నాట్యం కూచిపూడి కాదు, అది కృష్ణకి అవతల). ప్లేటో 'రిపబ్లిక్'ని తెలుగు చేసిందీ ఆయనే. 'కీలుబొమ్మలు' చదివిన వాళ్ళకి ఆ పల్లెటూరి తగాదాల వెనక ప్లేటోతో పొద్దస్తమానం వాదించే మనిషి ఒకడున్నాడని తెలుస్తుంది. మంచివాడనిపించుకోవడానికీ మంచివాడు కావడానికీ మధ్య దూరం ఎంత అన్న ప్రశ్న 'రిపబ్లిక్' రెండో భాగంలో ఉంది, ఆ నవలలోనూ ఉంది. మన విమర్శకులు ఆ నవలని మనస్తత్వ నవల అని ఒక అరలో పెట్టేసి ఊరుకున్నారని నాకో ఫిర్యాదు. దాన్ని నీతిశాస్త్రం నవలగా చదవాల్సింది.

సరే, స్టోయిక్కుల దగ్గరికి వద్దాం. నా తరం ఇంజనీర్లకి గ్రీకు తత్వం అంటే స్టోయిసిజమే. ఎపిక్టెటస్, మార్కస్ అరేలియస్ మాకు పాడ్‌కాస్టుల్లో దొరుకుతారు. నేను పనిచేసే చోట కూడా ఒకసారి, ఉద్యోగాలు పోతాయని అందరూ బిక్కుబిక్కుమంటున్న నెలలో, ఒక శిక్షకుణ్ణి పిలిపించి రెండు గంటల సెషన్ పెట్టారు. నీ చేతిలో ఉన్నదేదో లేనిదేదో వేరుచేసుకో, లేనిదాని గురించి బెంగపడకు, ఇదీ సారాంశం. ఎపిక్టెటస్ చేతిపుస్తకం మొదలయ్యేది ఈ మాటతోనే. అందులో అబద్ధం లేదు. కానీ ఎపిక్టెటస్ ఎవరు? బానిస. రోమ్‌లో నీరో దగ్గర పనిచేసిన ఒకడికి బానిస. కుంటివాడు. విడుదలయ్యాక రోమ్‌లో పాఠాలు చెబుతుంటే, డొమిషియన్ చక్రవర్తి తత్వవేత్తలందర్నీ వెళ్ళగొట్టినప్పుడు నికోపొలిస్ పోయి అక్కడ బడి పెట్టుకున్నాడు. ఆయన సొంతంగా ఒక్క ముక్క రాయలేదు, శిష్యుడు ఆరియన్ రాసిపెట్టాడు.

పెదనాన్నకి ఈ మనిషి బాగా నచ్చాడు. మా ఆఫీసు సెషన్ గురించి చెబితే మాత్రం నవ్వాడు. "పాలేరు తనకి తాను చెప్పుకుంటే అది ధైర్యంరా. అదే మాట ఆసామి పాలేరుకి చెబితే అది వేరే యవ్వారం" అన్నాడు. స్టోయిసిజం గురించి నేను చదివిన విమర్శల్లో ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు. మార్కస్ అరేలియస్ విషయంలో ఇది ఇంకా చిక్కు, ఎందుకంటే ఆయన ఆసామే. అయితే ఆయన ఆ పుస్తకాన్ని తనకోసం రాసుకున్నాడు, యుద్ధ శిబిరాల్లో కూర్చుని. ఎవరికీ బోధించలేదు. ఆయన పరువు దక్కింది అక్కడే.

రేపల్లె బండి గురించి ఒక మాట. తెనాలి నుంచి రేపల్లెకి ఒక కొమ్మ లైను, రేపల్లెతో ఆఖరు. వేమూరు, భట్టిప్రోలు, పల్లెకోన దాటితే రేపల్లె. సాయంత్రం పెదనాన్నని దిగబెట్టడానికి అప్పుడప్పుడు నేనూ ఆ బండెక్కుతాను. డయాలసిస్ అయిన రోజు ఆయన ఒంట్లో సత్తువ ఉండదు, కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంటాడు. భట్టిప్రోలు వచ్చినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన. 1892లో అలెగ్జాండర్ రే అనే ఆయన అక్కడి స్తూపం తవ్వితే ధాతువుల పేటికలు బయటపడ్డాయి, వాటి మీద రాతలు. క్రీ.పూ. మూడు, రెండు శతాబ్దాల నాటివని అంటారు. ఆ రాతల్లో తత్వమేమీ లేదు. చాలావరకు పేర్లు. ఒక గోష్ఠికి చెందినవాళ్ళ పేర్లు, కుబేరకుడనే రాజు ఆ గోష్ఠుల్లో ఒకదానికి పెద్ద. కొందరు కలిసి ఒక పని చేసి, పేర్లు రాసుకున్నారు. ఎథెన్స్ ఊరి బయట తోటలో ఎపిక్యురస్ దగ్గర కూడినవాళ్ళూ అంతే, ఒక గోష్ఠి. ఆడవాళ్ళూ బానిసలూ కూడా అందులో ఉన్నారని ఊరు ఆడిపోసుకుంది.

ఈ రెంటికీ సంబంధం ఉందని నేననడం లేదు. మన పత్రికల్లో అలాంటి వ్యాసాలు కావలసినన్ని వస్తుంటాయి, అన్నీ మన దగ్గర్నుంచే పోయాయని. కానీ కాలం మాత్రం దగ్గరదగ్గరే. ఎపిక్యురస్ పోయిన పదేళ్ళకి అటూఇటూగా అశోకుడు కాందహార్‌లో గ్రీకులోనూ అరమాయిక్‌లోనూ శాసనం వేయించాడు. 1958లో దొరికింది. అందులో 'ధర్మం' అన్న మాటకి గ్రీకులో 'యుసెబియా' అని పెట్టారు, దైవభక్తి, పెద్దల పట్ల గౌరవం లాంటి అర్థమొచ్చే మాట. ఆ రోజు అక్కడ కూర్చుని ఆ మాట ఎంచుకున్న లేఖకుడి మీద నాకు చాలా సానుభూతి ఉంది. డయాలసిస్ వార్డులో నేను పడుతున్న అవస్థ ఆయన ఎప్పుడో పడ్డాడు.

అలెగ్జాండర్ దండుతో పాటు మన దేశం దాకా వచ్చిన తత్వవేత్తల్లో పైరో ఒకడు. ఇక్కడి దిగంబర సన్యాసుల్ని చూసి వెళ్ళాక, దేన్నీ ఇదే నిజమని తేల్చకుండా ఉంటే మనసుకి శాంతి అని చెప్పాడని లయర్టియస్ రాశాడు. పైరో గురించి ఒక కథ ఉంది. ఓడ తుఫానులో చిక్కుకుంది. అందరూ గోలపెడుతుంటే, ఓడలో ఓ పంది తన మేత తను నిమ్మళంగా మేస్తోంది. జ్ఞాని అన్నవాడు ఇలా ఉండాలని దాన్ని చూపించాడట. ఈ కథ చెప్పినప్పుడు పెదనాన్న ఒప్పుకోలేదు. అసలు ఒప్పుకోలేదు.

1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన. అధికారిక లెక్కల్లోనే చచ్చిపోయినవాళ్ళు పదివేల దగ్గర. కృష్ణకి ఇవతల రేపల్లె వైపు కూడా ఇళ్ళు, గొడ్లు, కోతకొచ్చిన చేలు పోయాయి. బాపట్లలో ఒక చర్చిలో తలదాచుకున్న జనం మీద కప్పు కూలి వందమంది దాకా పోయారు. పెదనాన్నకి అప్పుడు ఇరవై మూడేళ్ళు. "ఆ రోజు మా గేదెలు మధ్యాహ్నం నుంచే మేత ముట్టలా. పలుపులు తెంపుకోబోయినయ్. మనుషులకంటే ముందు వాటికే తెలిసింది. పంది నిమ్మళంగా తింటందంటే అది తుఫాను కాదురా, గాలివాన" అన్నాడు. ఆ సాయంత్రం పెదనాన్న స్నేహితుడొకాయన పెళ్ళిమాటల కోసం పెనుమూడి రేవు దాటి అవనిగడ్డ వైపు వెళ్ళి ఉన్నాడు. అప్పటికి వంతెన లేదు, పడవే. తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఆ స్నేహితుడి తల్లికి ఆమె పోయేదాకా ప్రతి పంటకీ రెండు బస్తాల ధాన్యం మా పెదనాన్న ఇంటి నుంచి వెళ్ళేదని నాకు పెద్దమ్మ చెప్పింది. ఈయన చెప్పలేదు.

అరిస్టాటిల్ ఎథిక్స్ పది భాగాల్లో రెండు పూర్తిగా స్నేహం గురించే. ధైర్యానికి గానీ న్యాయానికి గానీ అంత చోటివ్వలేదు. ఇద్దరు కలిసి సామెతలో చెప్పినంత ఉప్పు తింటే గానీ ఒకరికొకరు తెలియరని అంటాడు. మన 'ఉప్పు తిన్న విశ్వాసం' వేరు, అందులో ఒకడు పెట్టేవాడు, ఒకడు తినేవాడు. అరిస్టాటిల్ ఉప్పులో ఇద్దరూ ఒకే కంచం ముందు ఉన్నారు. బాపట్లలో నాతో చదివిన ముగ్గురం ఇప్పటికీ ఏడాదికోసారి సూర్యలంక బీచ్ దగ్గర కలుస్తాం. ఒకడు డల్లాస్‌లో ఉండి రావడం మానేశాడు. ఉన్నవాళ్ళలో ఒకడికి చినగంజాం దగ్గర ఉప్పు కొటార్లు, కాబట్టి ఈ సామెత చెబితే వాడు పడీపడీ నవ్వాడు. వాడు చెప్పిన లెక్క ప్రకారం, మనిషికి రోజుకి పది గ్రాములనుకున్నా ఇద్దరు కలిసి ఓ పాతిక కిలోల బస్తా తినాలంటే మూడేళ్ళు దాటుతుంది. హాస్టల్లో నాలుగేళ్ళు తిన్నాం కాబట్టి పాసయ్యాం అన్నాడు. పెదనాన్నకి ఇప్పుడు ఉప్పు కూడా కొలతే.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం, సంక్రాంతి వెళ్ళిన వారంలో పెదనాన్న ఇక మిషన్ వద్దన్నాడు.

కోపంగా అనలేదు. బాధగా కూడా అనలేదు. చెయ్యి చూపించాడు, ఫిస్టులా దగ్గర నరం తాడులా ఉబ్బి ఉంది. డబ్బు సమస్య కాదు. వైద్యం ఆరోగ్యశ్రీలో జరిగిపోతోంది, డయాలసిస్ వాళ్ళకిచ్చే పదివేల పింఛనూ వస్తోంది. "వారంలో మూడు రోజులు ఇక్కడ, మూడు రోజులు దీని నీరసం. మిగిలింది ఆదివారం ఒక్కటి. ఆదివారం కోసం ఎన్నాళ్ళు బతకను?" అన్నాడు. ఆపేస్తే ఎన్నాళ్ళని డాక్టర్ని తనే అడిగాడు. మామూలుగా వారం, రెండు వారాలు అన్నాడాయన, కళ్ళలోకి చూడకుండా. గుంటూరు నుంచి అక్క ఫోన్ చేసి ఏడ్చింది. నువ్వు పుస్తకాలు చదివి చెప్పబట్టే ఇలా తయారయ్యాడని నన్నంది. పెద్దమ్మ ఏమీ అనలేదు. వంట చేసి పెట్టడం, మాట్లాడకపోవడం.

నేను మళ్ళీ గ్రీకుల దగ్గరికే వెళ్ళాను, వేరే దారి తెలియక. ఎపిక్టెటస్ ఇంట్లో పొగ మరీ ఎక్కువైతే బయటికి వెళ్ళిపోవచ్చు, తలుపు తెరిచే ఉంది అంటాడు. కొద్దిపాటి పొగకే పారిపోవద్దనీ అంటాడు. ఎంత పొగ ఎక్కువ పొగ అన్నది ఊపిరాడని వాడే చెప్పాలి. అరిస్టాటిల్ తనని తాను చంపుకున్నవాడు ఊరికి అన్యాయం చేసినట్టు అంటాడు. పెదనాన్నకి అది నచ్చలేదు. "నేనేమన్నా ఉరేసుకుంటన్నానా? మిషన్ ఆపమంటన్నా" అన్నాడు. నిజమే. రక్తాన్ని బయటికి తీసి కడిగి లోపలికి పంపే యంత్రం అరిస్టాటిల్ ఊహలో లేదు. ప్రకృతి ప్రకారం బతకమని చెప్పిన స్టోయిక్కులకి ఆ యంత్రం ప్రకృతో కాదో కూడా తేల్చడం కష్టమే.

ఎపిక్యురస్ మాట అందరికీ తెలిసిందే. మనం ఉన్నంతసేపూ చావు లేదు, చావు వచ్చాక మనం లేం, కాబట్టి అది మనకి సంబంధించిన సంగతి కాదు. తర్కంగా దీన్ని ఓడించడం కష్టం. ఎందరో ప్రయత్నించారు. కానీ రేపల్లె ఇంట్లో వంటగది గడప మీద కూర్చున్న పెద్దమ్మని చూస్తే ఆ వాదంలో ఏం లేదో తెలుస్తుంది. ఆ వాదంలో పెద్దమ్మ లేదు. పోయేవాడికి చావు ఏమీ కాదని అది రుజువు చేస్తుంది. యాభై ఏళ్ళు పక్కన బతికిన మనిషికి అది ఏమిటో ఒక్క ముక్క చెప్పదు. నా చావుకి నేను లేకపోవచ్చు, నీ చావుకి మాత్రం నేనుంటాను కదా.

అయితే ఈ సంగతి ఎపిక్యురస్‌కి తెలియదనుకోను. వాదంలో లేనిది ఆయన వీలునామాలో ఉంది. లయర్టియస్ పుణ్యమా అని అది మనకి దక్కింది. ఎంత ఇల్లూవాకిలీ మనిషో అందులో కనిపిస్తాడు. తోట తన తర్వాత హెర్మార్కస్‌కీ, అతనితో కలిసి చదువుకునేవాళ్ళకీ ఉండాలి. ఇల్లు కూడా. తనకంటే ముందే పోయిన మిత్రుడు మెట్రోడోరస్ పిల్లల్ని సాకాలి, కూతురికి ఈడొస్తే కట్నమిచ్చి పెళ్ళి చెయ్యాలి. బానిసలు మిస్, నికియాస్, లైకాన్‌లని, ఫెడ్రియం అనే ఆవిడని విడిచిపెట్టాలి. తన పుట్టినరోజు ఏటా జరపాలి. ప్రతి నెలా ఇరవయ్యో తేదీన తనకోసం, మెట్రోడోరస్ కోసం అందరూ కూడాలి. చచ్చిపోయాక ఏమీ లేదని జీవితమంతా చెప్పినవాడు నెలనెలా భోజనాలకి ఏర్పాటు చేసి పోయాడు. సిసిరో దీన్ని పట్టుకుని వెక్కిరించాడు, మాటకీ చేతకీ పొంతన లేదని. నాకు మాత్రం ఆ పొంతన లేకపోవడమే నచ్చుతుంది. తనకేమీ కానిది వాళ్ళకి ఏదో అవుతుందని ఒప్పుకున్నాడు.

ఒక గురువారం ఇది చదివాను. అప్పటిదాకా కళ్ళు మూసుకుని వింటున్న పెదనాన్న కళ్ళు తెరిచాడు. మళ్ళీ చదవమన్నాడు. తత్వం ఏదీ రెండోసారి చదివించుకోలేదు ఎప్పుడూ. తర్వాత "నీ ఫోన్లో రాస్తావా?" అన్నాడు. మిషన్ తిరుగుతుండగానే చెప్పుకుంటూ పోయాడు. ఒకటి, కాలవ పక్కన ఎకరం అక్కకి, మిగతా రెండూ పెద్దమ్మ ఉన్నంతకాలం పెద్దమ్మవి. రెండు, పట్టాదారు పుస్తకం బీరువాలో పాత పంచాంగాల కింద ఉంది. మూడు, కర్మకాండ పేరుతో అప్పు చేయొద్దు. నాలుగు, మిగ్‌జాం తుఫాను ఏడు పడిపోయిన చేలకి కౌలుదారు బాకీపడ్డ బస్తాలు అడగొద్దు, కొట్టెయ్యండి. అయిదు, నవంబర్ పందొమ్మిదిన పెనుమూడి రేవు దగ్గర ఎవరికైనా అన్నం పెట్టండి, నా పేరూ వాడి పేరూ చెప్పి. ఆరోది నా గురించి, అది ఇక్కడ రాయను.

ఆ వారం ఆపేస్తాడనే అనుకున్నాం. శనివారం బండి దిగాడు. మినుము ఇంకా కోతకి రాలేదు, అది ఇంటికొచ్చాక చూద్దాం అన్నాడు. అది మనసు మార్చుకోవడమో, వాయిదా వెయ్యడమో ఎవరూ అడగలేదు.

ఆదివారం ఊరెళ్ళి ఆ జాబితా పెద్దమ్మకి చదివి వినిపించాను, ఆయనే చదవమన్నాడు. అయిదూ విని, నాలుగోది మళ్ళీ చదవమంది. మూడు వారాలుగా నోరు విప్పని మనిషి అప్పుడు మొదలుపెట్టింది. ఆ కౌలుదారు నిరుడు కొత్త బండి కొన్నాడనీ, వాళ్ళమ్మాయి పెళ్ళికి మేం పెట్టిన చీరకి కనీసం ఒక మాట అనలేదనీ, తుఫాను అందరికీ వచ్చిందనీ, బస్తాలు చెట్టుకి కాయవనీ. పెదనాన్న కూడా తగ్గలేదు. వాడి చేలో నడుముల్లోతు నీళ్ళు నేను చూశా, నువ్వు చూశావా అన్నాడు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. ఒక గంట పైనే జరిగింది. అన్నాలు చల్లారిపోయాయి.

మంగళవారం తెనాలి స్టేషన్లో దిగీ దిగగానే, ఇంకా మెట్లు కూడా ఎక్కకుండానే, ఫోన్ తియ్యమన్నాడు.

"నాలుగోది మార్చు. సగం అని రాయి."